రోడ్డున పడ్డ మనిషి మందు మాని పనిలో నిలబడేలా తోడుండటం ఎలా

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రుల గేట్ల ముందు, రైల్వే స్టేషన్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్లలో చేతిలో పనితనం ఉన్నవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఒకరు తాపీ మేస్త్రీ అయితే ఇంకొకరు పెయింటర్, మరొకరు హోటల్లో వంట చేసినవారు. తాగుడు వల్ల ఇల్లు పోయిందో, ఇల్లు పోయాక తాగుడు ముదిరిందో చాలాసార్లు వాళ్లే చెప్పలేరు. కొన్నేళ్లుగా ఒక నైట్ షెల్టర్‌లో పనిచేస్తూ నేను గట్టిగా నమ్మింది ఒక్కటే: "ముందు మానెయ్, తర్వాత చోటు చూస్తాం, ఆ తర్వాత పని సంగతి" అనే షరతుతో మొదలుపెడితే మనిషి నిలబడడు. పడుకోవడానికి చోటు, వైద్యం, పని ఒకదాని వెంట ఒకటి వెంటనే అందాలి, పని దొరికాక కూడా తోడు ఆగకూడదు.

మొదట రాత్రి పడకను చూడండి. నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు నడపాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. షెల్టర్ల వివరాలు మున్సిపల్ కార్యాలయంలోనో, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బంది దగ్గరో తెలుస్తాయి. తాగి వచ్చాడన్న కారణంతో గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపే పద్ధతి మాత్రం మానుకోవాలి, ఎందుకంటే ఆ రాత్రి అతను తిరిగి వెళ్లేది వైన్ షాపు ముందుకే. లోపల తాగకూడదు, గొడవ పడకూడదు అనే రెండు నియమాలు చాలు.

వైద్యం విషయంలో తొందరపాటు ప్రాణం తీస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు లేనివి కనిపించడం, తేదీ, చోటు మరిచిపోవడం, తీవ్రమైన జ్వరం వంటివి వస్తే అది అత్యవసర పరిస్థితి. మా షెల్టర్‌కు వచ్చిన ఒక మేస్త్రీ రెండో రోజు ఉదయం టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా సగం టీ చొక్కా మీదే పడింది. సాయంత్రానికి గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడవడం మొదలుపెట్టాడు. అలాంటప్పుడు "ధైర్యంగా ఉండు, తగ్గిపోతుంది" అనకుండా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ వణుకు, ఫిట్స్ తగ్గించే మందులతో పాటు థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. అది అందకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

తెలంగాణలో మత్తు కల్లుకు అలవాటు పడ్డవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. దానిలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అనే నిద్ర, మత్తు మందులు కలుపుతారు కాబట్టి అది ఆగితే అలవాటైన నిద్రబిళ్లలు ఒక్కసారిగా ఆగినట్టే మనిషి పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒక్కసారిగా దొరకక ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు పోటెత్తిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి అతను తాగింది సారాయా, కల్లా, రెండూనా అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పాలి. "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి" అంటూ అమ్మే పొడులను, బిళ్లలను దగ్గరికి రానివ్వకండి. అందులో మద్యంతో కలిస్తే వికటించే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, ఆ సంగతి తెలియక మద్యం తాగిన మనిషి ప్రాణానికే ముప్పు.

డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చేటప్పుడు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర అది నమోదై ఉందో లేదో అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులకూ వర్తిస్తుంది, గొలుసులతో కట్టేయడాన్ని అది పూర్తిగా నిషేధించింది. సలహా కోసం 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో (14416) తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒళ్లు కుదుటపడుతున్న రోజుల్లోనే కాగితాల పని మొదలుపెట్టండి. ఆధార్ పోగొట్టుకున్నవారికి నమోదు కేంద్రంలో వేలిముద్రలతోనో, కనుపాపలతోనో పాత నంబరు వెతికించవచ్చు. సిమెంటుతో పనిచేసినవారి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి కనుక కనుపాపలతో చూడమని ముందే అడగడం మంచిది. ఆ తర్వాత జన్‌ధన్ బ్యాంకు ఖాతా, అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు.

శిక్షణను ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా జీతం చూస్తారు, అది పొరపాటని నా అభిప్రాయం. ముందు చూడాల్సింది ఆ పని జరిగే చోటు, పని గంటలు, కూలి చేతికి వచ్చే తీరు. పెళ్లిళ్ల క్యాటరింగ్‌లో, బార్ వంటగదిలో పని ఎంత తేలికగా దొరికినా మొదటి ఏడాది వద్దు. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన న్యాక్, అంటే నిర్మాణ రంగ అకాడమీ, తాపీపని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వంటి పనుల్లో యువతకు శిక్షణ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాలున్నాయి. అడిగేటప్పుడు వయసు పరిమితి, చదువు, హాస్టల్ వసతి వివరాలు రాసుకోండి. వయసు మీరినవారు, చదువు లేనివారు అక్కడ కుదరకపోతే తెలిసిన మేస్త్రీ దగ్గర చేర్పించడమే నయం. పనిలోకి పంపే ముందు రెండు మూడు వారాలు షెల్టర్‌లోనే వంటకో, సామాను లెక్కకో పెడితే ఉదయం ఆరింటికి లేచే అలవాటు తిరిగి వస్తుంది. ఆ అలవాటు లేకుండా ఏ శిక్షణా నిలవదు.

పైన చెప్పిన మేస్త్రీ ఒకప్పుడు తాపీ, రసమట్టం, తూకం గుండు అన్నీ క్వార్టర్ సీసా కోసం అమ్ముకున్నవాడు. కొత్త పనిముట్లు కొనిచ్చాక వాటిని షెల్టర్ బీరువాలో పెట్టి, ఉదయం సంతకం చేసి తీసుకెళ్లి సాయంత్రం తిరిగి ఇచ్చేలా అతనే ఏర్పాటు చేసుకున్నాడు. అది మేము పెట్టి ఉంటే అవమానంగా తీసుకునేవాడేమో; తనే పెట్టుకున్నాడు కాబట్టి నిలిచింది. కూలి విషయంలోనూ అంతే. అడ్డా మీద సాయంత్రం చేతికొచ్చే నోట్లు అన్నిటికన్నా ప్రమాదం, అందుకే వారానికోసారి ఖాతాలో వేయమని పని ఇచ్చే మేస్త్రీతోనో, కాంట్రాక్టర్‌తోనో, కూలి తీసుకునే మనిషి సమ్మతితో మాట్లాడండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు కార్మికులు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యులుగా చేరవచ్చు; కాబట్టి పని రోజులను మొదటి నుంచీ నోటు పుస్తకంలో రాయించండి.

మళ్లీ తాగే రోజు వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. అది ఎక్కువగా మొదటి జీతం వచ్చినప్పుడో, పండక్కి ఇంటికి వెళ్లి మాట పడ్డప్పుడో జరుగుతుంది. ఆ రోజు పడక తీసేయకుండా, తెల్లవారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, యజమానితో మాట్లాడి రెండు రోజుల సెలవు ఇప్పించాలి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు తెలుగులోనూ జరుగుతాయి, వాటికి రుసుము లేదు. శనివారం కూలి వచ్చే వేళకు సమావేశం ఉండే చోటు చూసుకుంటే ఆ సాయంత్రం గడుస్తుంది.

అద్దె గది తీసుకునే దశలో ఒంటరిగా ఉంచకుండా, మానేసిన మరో ఇద్దరితో కలిపి ఉంచండి. అడ్వాన్సును ముగ్గురూ పంచుకుంటారు. గది మారాక కూడా కనీసం ఆరు నెలలు షెల్టర్ రిజిస్టర్‌లో అతని పేరు కొట్టేయకుండా, వారానికోసారి ఫోన్ చేయండి. మా మేస్త్రీకి ఇప్పటికీ శనివారం ఏడు గంటలకు ఫోన్ చేస్తాం, చాలాసార్లు అతను బస్సులో ఉన్నానని చెప్పి పెట్టేస్తాడు.