క్రీమ్ రాసిన చోట రేజర్ పెట్టొద్దు

బెజవాడలో ఎండలు ముదిరాక ప్రైవేట్ పార్ట్స్ దగ్గర చర్మం ఊడి, చెమట తగిలితే మండిపోతోందని స్కిన్ డాక్టర్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు ఉంటారు. ఈమధ్య మళ్ళీ అలాంటి కబురే. వెంట్రుకలు తీసే క్రీమ్ రాశారు, అక్కడక్కడా వెంట్రుకలు మిగిలాయి, ఎలాగూ బాత్రూంలోనే ఉన్నాం కదాని రేజర్ అందుకున్నారు.

క్రీమ్‌లోని థయోగ్లైకోలేట్ అనే రసాయనం వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌ని కరిగిస్తుంది. మన చర్మం పైపొరలో ఉండేదీ కెరాటినే. అదీ మెత్తబడి ఉంటుంది కాబట్టి బ్లేడు తగిలితే లేచి వచ్చేస్తుంది. మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ మిగలనివ్వండి, మీరు తప్ప చూసేదెవరు? మూడు రోజులు ఆగి ట్రిమ్మర్‌తో కత్తిరించుకోండి.

అసలు ట్రిమ్మరే అందరికీ మేలు. షుగర్ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ఇంకోదాని జోలికి పోనక్కర్లేదు. గార్డు పెట్టి వాడితే చర్మం తెగే భయం తక్కువ. నున్నగా రాదు, అంతే.

రేజరే కావాలంటే ముందు పొట్టిగా కత్తిరించి, ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, చర్మం లాగిపట్టి, వెంట్రుక వాలిన వైపే గీయాలి. ఎదురు గీస్తే మొన లోపలికి పెరిగి గడ్డ కట్టొచ్చు.

వ్యాక్స్‌కి కనీసం 5 మి.మీ. పొడవుండాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మింగేవాళ్ళకి వద్దు, చర్మం చిరుగుతుంది. పార్లర్‌లో వాడిన పుల్లనే మళ్ళీ డబ్బాలో ముంచుతుంటే లేచి వచ్చేయండి.

లేజర్ తెల్లవెంట్రుకలకి పనిచేయదు. చామనఛాయ, నలుపు ఒంటికి ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ ఉందా అని అడగండి. ముందు నెలరోజులు వ్యాక్స్ చేయించొద్దు, వెంట్రుక కుదురు ఉంటేనే లేజర్ పట్టేది.

క్రీమ్‌కైతే ముందురోజు రూపాయి బిళ్ళంత చోట రాసి చూడాలి. డబ్బా మీద రాసిన టైమ్ దాటొద్దు. వృషణాల మీద, యోని లోపలి పెదవుల దగ్గర, మలద్వారం చుట్టూ ఏ క్రీమూ వద్దు. మంట మొదలైతే వెంటనే తుడిచేసి 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి. తర్వాత రేజర్ పెట్టొద్దు. వ్యాక్సూ పెట్టొద్దు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు రాయొద్దు. నీళ్ళు కలపని యాంటీసెప్టిక్ పోయొద్దు. ఇంట్లోవాళ్ళ బ్లేడు వాడొద్దు, హెపటైటిస్ బి అలా కూడా అంటుకోవచ్చు. తామర ఉంటే తగ్గేదాకా గీయొద్దు. ఆవకాయ కలిపినరోజు, మిరపకాయల ముచ్చికలు తీసినరోజు ఈ పని పెట్టుకోవద్దు, ఆ ఘాటు సబ్బుకి ఓ పట్టాన పోదు. రెండు రోజులు బిగుతు జీన్స్ వద్దు. ఆపరేషనుంటే ఇంట్లో గీసుకుని వెళ్ళొద్దు, అవసరమైతే అక్కడే క్లిప్పర్‌తో తీస్తారు. చీము, జ్వరం, పాకుతున్న ఎరుపు, ఏది కనబడినా సిగ్గుపడకుండా ఆరోజే డాక్టర్‌కి చూపించండి.