శిథిలాల్లోంచి తీసిన బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. చిత్తూరు వైపు అంత కంపమే రానక్కర్లేదు. నవంబరు వానకు నానిన పాత మట్టిమిద్దె కూలినా బిడ్డకు ఊపిరాడని తీరు అదే. 108కి ఫోన్ చేయాలని ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది చెంబు గురించి.

బిడ్డను బయటికి తీయగానే ఎవరో ఒకరు "గొంతెండిపోయుంటుంది, రెండు గుక్కలు పోయండి" అంటారు. ముంచేది ఆ రెండు గుక్కలే. మగతలో ఉన్న బిడ్డ సరిగా మింగలేడు, దగ్గలేడు. నీళ్లూ, నోట్లోని దుమ్మూ కలిసి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. వాంతి అయితే అదీ అటే పోతుంది. పాలు, గ్లూకోజు, సోడా ఏదీ వద్దు. తడిగుడ్డతో పెదాలు తుడవండి, అంతే.

పడుకోబెట్టడం: మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. పసిబిడ్డకు తల వెనకభాగం పెద్దది, గడ్డం ఛాతీకి ఆని గొంతు మూసుకుంటుంది. భుజాల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. నోట్లో కంటికి కనిపించే మట్టినే తీయండి. వేలు పెట్టి వెతికితే లోపలికి నెడతారు.

ఊపిరి లెక్క: చొక్కా ఎత్తి, ఏడుపు ఆగాక, నిమిషం నిండా లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 తాకితే ప్రమాదం. డొక్కలెగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పనిలేదు, బయల్దేరండి.

ఊపిరి ఆగితే, ఒక్కరే ఉంటే ఛాతీమీద 30 నొక్కులకు నోటితో 2 ఊపిర్లు. ఇద్దరుంటే 15కు 2.

పక్కటెముక విరగలేదని ఇంటికి తీసుకుపోకండి. పిల్లల ఎముకలు విరక్కుండా వంగి లోపలి ఊపిరితిత్తిని నలిపేస్తాయి. ఆయాసం మరుసటి రోజుకు ముదురుతుంది.

కాలు గంటల తరబడి బండకింద నలిగి, ఊపిరి ఆడుతుంటే, లాగేయకండి. సెలైన్ ఎక్కించేవాళ్లు రానివ్వండి. నలిగిన కండలోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలో కలిస్తే గుండె ఆగుతుంది. తర్వాత మూత్రం రాకపోతే వెంటనే చెప్పండి. కిడ్నీ పనిచేయకుంటే ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

గుడారంలో జనరేటర్ పెట్టకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చినా, వేలికి పెట్టే ఆక్సిమీటరు 98 చూపించొచ్చు, నమ్మకండి.

బైకుమీద మధ్యలో కూర్చోబెట్టకండి.

ఆక్సిజన్ సిలిండరు దగ్గరికి రాకముందే బీడీ ఆర్పేయండి.

తిరుపతి రుయా ఆసుపత్రికి పోయే దారిలో కళ్లు తెరిచి నీళ్లడిగినా ఇవ్వకండి. ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తివ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి. డాక్టరు పొట్ట చూసి సరే అన్నాకే చెంబు.