లినక్స్‌కు లాప్‌టాప్ కొంటున్నారా? పైసలు కట్టే ముందే వైఫై చూడండి

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. "ఈ మోడల్‌లో లినక్స్ నడుస్తదా?" అని ఎవరినో అడిగి, నడుస్తదంటే కొనేస్తారు. ఇంటికొచ్చాక వైఫై కనబడదు. ఒకే మోడల్ పేరు మీద కంపెనీలు వేర్వేరు వైఫై కార్డులు వేసి అమ్ముతాయి. మీ దోస్తు కొన్నదాంట్లో ఇంటెల్ కార్డు ఉంటే, అదే పేరుతో మీకొచ్చినదాంట్లో రియల్‌టెక్ ఉండొచ్చు. కాబట్టి మోడల్ పేరును నమ్ముకోకుండా, మీ చేతికొచ్చే పీసునే పరీక్షించి తీసుకోవాలి.

మిగతాది తేలికే. ఇంటెల్ 8వ తరం లేదా ఆ పైది, లేదంటే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్. 16 జీబీ ర్యామ్. బడ్జెట్ చాలకపోతే 8 జీబీ తీసుకోండి, కానీ ఖాళీ స్లాట్ ఉండాలి. 256 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. క్యూడా (గ్రాఫిక్స్ కార్డు మీద భారీ లెక్కలు చేయించే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్) పని ఉన్నవాళ్లు తప్ప ఎన్‌విడియా గ్రాఫిక్స్ జోలికి పోవద్దు. బ్యాటరీ తింటుంది, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌తో (ఆ భాగాన్ని నడిపే ప్రోగ్రామ్) తంటా. నిన్న మొన్న విడుదలైన మోడల్ కన్నా ఏడాది దాటినది మేలు, అప్పటికి డ్రైవర్లు కెర్నెల్‌లోకి చేరి ఉంటాయి. కొత్త చవక లాప్‌టాప్ కన్నా ఆఫీసుల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్ టీ480 నయం. దానికి ర్యామ్ స్లాట్లు రెండు, విప్పడం సులువు. ఎక్స్1 కార్బన్ చూడ్డానికి బాగుంటుంది కానీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

షాపుకు పోయే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 24.04 గానీ మింట్ గానీ (రెండూ లినక్స్ రకాలే) రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో ఎక్కించుకోండి. దించుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైలును ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు.

హనుమకొండలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా షాపాయనకు ముందే చెప్పండి: "అన్నా, పెన్‌డ్రైవ్ మీద నడిపి చూసుకుంట, మీ విండోస్‌ను ముట్టుకోను." కాదంటే ఇంకో షాపు చూసుకోండి. లెనోవో, డెల్ అయితే ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి, వచ్చే జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. 'ట్రై' ఎంచుకోండి, 'ఇన్‌స్టాల్' వద్దు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) స్టోరేజ్ సెట్టింగ్ అసలు మార్చవద్దు. మారిస్తే విండోస్ బిట్‌లాకర్ (డిస్కుకు వేసిన తాళం) కీ అడుగుతుంది, షాపులో గొడవవుతుంది.

ఇక అసలు పని. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని చిన్న అక్షరాల్లో కొట్టండి. ఒక స్పేస్ ఇచ్చి హైఫన్, దాని వెంటనే ఎన్, ఎన్, కె, తర్వాత ఎంటర్. వచ్చిన జాబితాలో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న చోట ఆగండి. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201, ఏఎక్స్210 అయితే నిశ్చింత. మీడియాటెక్ ఎంటీ7921 అయినా సరే, దాని డ్రైవర్ కెర్నెల్ 5.12 నుంచి ఉంది. బ్రాడ్‌కామ్ అయితే వదిలేయండి. చాలావాటికి డ్రైవర్ విడిగా దించుకోవాలి, దించుకోవడానికే నెట్ ఉండదు. ఆ పేరు కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' వరుస లేకపోతే కార్డు కనబడిందే గానీ దాన్ని నడిపే డ్రైవర్ లేదని అర్థం.

వరుస ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని రియల్‌టెక్ కార్డులు కనెక్ట్ అయి, పది నిమిషాలకు తెగిపోతాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి 20 నిమిషాలు వీడియో నడపండి. హాట్‌స్పాట్ సెట్టింగ్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ మార్చి చూడండి. బ్లూటూత్ కూడా ఆ కార్డులోనిదే, హెడ్‌సెట్ కలిపి చూడండి.

వైఫై నడవకపోతే షాపువాళ్లు "కార్డు మార్చి ఇస్తం" అంటారు. కార్డు బోర్డుకే అతికి ఉంటే మార్చడమే కుదరదు. ఊడేదైనా ఏఎక్స్201, ఏఎక్స్210 చూపుకు ఒకేలా ఉంటాయి: ఏఎక్స్201 దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్‌తోనే పనిచేస్తుంది, రైజెన్‌లో పెడితే ఉలకదు పలకదు. రైజెన్‌కు ఏఎక్స్210 వేయించండి. కార్డు మీది రెండు సన్నని యాంటెన్నా వైర్లను పట్టి లాగితే మొన తెగుతుంది. మొనను గోటితో నిలువుగా పైకి లేపాలి. యూఎస్‌బీ వైఫై డాంగిల్‌తో సర్దుకోమనే సలహా మాత్రం వినవద్దు. వాటిలో చాలావరకు మళ్లీ రియల్‌టెక్ చిప్పే.

తర్వాత మూత మూసి పది నిమిషాలు ఆగండి, పెన్‌డ్రైవ్ తీయవద్దు. అడుగు చేత్తో తాకి చూడండి. వెచ్చగానే ఉంటే లాప్‌టాప్ స్లీప్‌లోకి పోలేదన్నమాట. ఎండాకాలం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేసరికి బ్యాగులో మరిగిపోయి, బ్యాటరీ అడుగంటుతుంది. తెరిచాక వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ తిరిగి రావాలి. కెమెరా, బ్రైట్‌నెస్ మీటలు కూడా అప్పుడే చూసేయండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు రిటర్న్ షరతులు ముందే చదవండి. లినక్స్ నడవకపోవడాన్ని చాలామంది అమ్మకందార్లు లోపంగా లెక్కపెట్టరు. పెట్టె తెరిచిన రోజే ఈ పరీక్షలన్నీ పెన్‌డ్రైవ్ మీద చేయండి. అన్నీ తేలేదాకా లోపలి విండోస్‌ను చెరపవద్దు.