చిన్న సెకండ్ హ్యాండ్ బండికి ఎయిర్ ఇంటేక్, కార్బురేటర్ మార్చాలనుకుంటే

పాత చిన్న బండి చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) పీకేసి, గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ వెనకాల కోన్ ఫిల్టర్ తగిలించడం. సౌండ్ మారుతుంది, నిజమే. కానీ గాలి ఎక్కువ పోతుంటే దానికి తగ్గ పెట్రోల్ కూడా పోవాలి, లేకపోతే మిశ్రమం లీన్ అయిపోయి (అంటే పెట్రోల్ తక్కువై; ఎక్కువైతే రిచ్ అంటారు) బండి ముక్కుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, అలాగే తొక్కుకుంటూ పోతే చివరికి పిస్టన్ దెబ్బతింటుంది. 100, 125 సీసీ ఇంజన్‌లో ఈ పని వల్ల కలిసొచ్చే పవర్ కొంచెమే. అరిగిపోయి, మురికి పట్టిన బండిని ముందు కంపెనీ సెట్టింగ్‌కి తెస్తే వచ్చే తేడా అంతకంటే చాలా ఎక్కువ, కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టండి.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండే సన్నని సందు) చూడండి, కొత్త ప్లగ్ వేయండి, ఫిల్టర్ మార్చండి. తర్వాత కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు ముక్కని బాగా పరీక్షించండి, ఎందుకంటే పాత బండ్లలో అది పగిలి అక్కడినుంచి దొంగగాలి లాగుతుంటుంది, అది పోనంతవరకు మీరు ఎన్ని జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) మార్చినా స్లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, నిలబడదు. బండి స్లోలో ఉండగా ఆ రబ్బరు చుట్టూ కొద్దిగా నీళ్లు స్ప్రే చేయండి, ఇంజన్ శబ్దం మారితే లీకు అక్కడే.

ఇప్పుడు కార్బురేటర్ దించండి. ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో మంట గానీ నిప్పురవ్వ గానీ ఉండకూడదు, పెట్రోల్ ట్యాప్ ఆపి కింది గిన్నెలోది డబ్బాలోకి వంపేయండి. స్క్రూల తలలు మెత్తగా ఉంటాయి, సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా బలం పెడితే తల అరిగిపోయి పని అక్కడే ఆగిపోతుంది. గిన్నె విప్పాక ముందు చూడాల్సింది జెట్ల మీద నంబర్లు. బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ జెట్ వేశారో మనకి తెలియదు కదా, అందుకే సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న నంబర్లతో పోల్చండి. ఒకే కంపెనీ జెట్లలో నంబర్ పెద్దదైతే పెట్రోల్ ఎక్కువ, కానీ మికుని, కీహిన్ అనే కార్బురేటర్ కంపెనీల నంబర్లకి లెక్క ఒకటి కాదు. జెట్లు ఇత్తడివి, వాటిలో ఇనుప తీగ పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, కార్బ్ క్లీనర్‌తో, గాలితో మాత్రమే శుభ్రం చేయండి. మీ కార్బురేటర్‌లో రబ్బరు డయాఫ్రమ్ (పలచని రబ్బరు పొర) ఉంటే దాన్ని ముందే తీసి పక్కన పెట్టండి, క్లీనర్ తగిలితే పాడవుతుంది. స్లోలో మిశ్రమాన్ని సరిచేసే మిక్చర్ స్క్రూ తీసేముందు నెమ్మదిగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకోండి.

ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. స్లోలోనూ, యాక్సిలరేటర్ పావు వంతు దాకానూ పైలట్ జెట్, మిక్చర్ స్క్రూలదే పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూది). ఆ పైన మెయిన్ జెట్. హ్యాండిల్ గ్రిప్ మీద టేప్ అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుంటే ఇబ్బంది ఎక్కడ వస్తోందో కచ్చితంగా తెలుస్తుంది.

ఇంటేక్ విషయానికొస్తే, ఎయిర్ బాక్స్ ఉంచేయమనే నా సలహా. దానిలోకి గాలి వెళ్లే ముందు గొట్టం తీసి, శుభ్రమైన ఫిల్టర్ వేసి చూడండి, చిన్న బండికి అది చాలు. డయాఫ్రమ్ ఉన్న కార్బురేటర్ అయితే మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో స్లైడ్ (గాలి దారిని తెరిచే కదిలే ముక్క) లేచేది గాలి ఒత్తిడి తేడా వల్లే, కోన్ ఫిల్టర్‌తో ఆ గాలి కుదురుగా లేకపోతే మధ్యలో బండి తడబడుతుంది, దాన్ని సరిచేయడం చాలా కష్టం. అయినా బాక్స్ తీసే తీరతానంటే ఇంజన్ నుంచి దానిలోకి వచ్చే బ్రీదర్ పైపుని (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని) మాత్రం మూసేయకండి, లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. దానికి వేరే చిన్న ఫిల్టర్ పెట్టండి.

గాలి పెంచాక మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచి, ఇంజన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద ఫుల్‌గా లాగి చూడండి. అలా లాగుతూ యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గించినప్పుడు బండి ఇంకా ముందుకు దూకితే ఇంకా లీన్‌గానే ఉందని అర్థం, ఇంకో సైజు పెంచండి. బరువుగా లాగుతూ నల్లపొగ వస్తే ఎక్కువైంది. ప్లగ్ తెల్లగా ఉంటే లీన్, మసి పడితే రిచ్, లేత గోధుమ రంగు మంచిది, అయితే ఒక్క రంగునే నమ్మకుండా బండి లాగుడు కూడా చూసుకోండి.

తర్వాత నీడిల్. నీడిల్‌ని పట్టి ఉంచే క్లిప్‌ని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మధ్య రేంజ్‌లో పెట్రోల్ పెరుగుతుంది. కొన్ని బండ్లలో గాళ్లు ఉండవు, అక్కడ సన్నని వాషర్ వేస్తారు.

చివరగా స్లో. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, విప్పితే రిచ్. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే లీన్. వేడి ఇంజన్ మీద కొద్దికొద్దిగా తిప్పుతూ స్లో ఎక్కడ అన్నిటికంటే పెరుగుతుందో అక్కడ ఆపి, స్లో వేగాన్ని సరిచేసే వేరే స్క్రూతో మళ్లీ తగ్గించండి. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటి విప్పితే గానీ కుదరడం లేదంటే పైలట్ జెట్ ఒక సైజు పెద్దది కావాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్రతి మార్పూ రాసుకోండి. పాత జెట్లు పారేయకుండా చిన్న డబ్బాలో సీటు కింద ఉంచండి, ఎత్తైన కొండ ప్రాంతాలకి వెళ్తే అక్కడ గాలి పలచబడి మిశ్రమం రిచ్ అవుతుంది, అప్పుడు ఆ చిన్న సైజే మళ్లీ అవసరం పడుతుంది.