పాత కాన్వాసు కనూ: జబ్బు ఎక్కడ, మందు ఎక్కడ

ఉత్తర అమెరికాలో పాత కనూ (రెండు కొసలూ సన్నగా ఉండి, తెడ్డుతో నడిపే తేలిక పడవ) అంటే ఎక్కువగా ఒకటే రకం నిర్మాణం. లోపల ఆవిరి పట్టి వంచిన తెల్ల సీడర్ అనే తేలిక చెక్క పక్కటెముకలు, వాటి మీద అంగుళంలో ఆరో వంతు కూడా లేని పలచటి పలకలు, పైన బిగలాగి కొట్టిన నూలు కాన్వాసు, దాని మీద రంగు. పెనాబ్‌స్కాట్ లాంటి మూలవాసులు బిర్చ్ చెట్టు బెరడుతో కట్టుకునే పడవే ఇది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బెరడు స్థానంలో కాన్వాసు వచ్చింది.

కోనసీమ కాలువల్లో గడ పడవలు చూస్తూ పెరిగినవాణ్ణి. కెనడాలోని అంటారియో వచ్చాక ఇరవై ఏళ్ళుగా శనాదివారాలు ఈ కనూల కిందే గడుస్తున్నాయి. నేను చూసినంతలో ఇవి నీళ్ళలో చెడవు, ఒడ్డున చెడతాయి. కాబట్టి ఏ లక్షణం కనిపించినా ముందు అడగాల్సింది ఒకటే: ఈ పడవ ఇన్నేళ్ళూ ఎక్కడ పడుకుంది?

గంట తిరిగేసరికి అడుగున నీళ్ళు చేరుతున్నాయి

తెడ్డు నుంచి కారిన నీళ్ళా, నిజంగా ఉరుస్తోందా అన్నది ముందు తేల్చుకోండి. కనూని రెండు చెక్క స్టాండ్ల మీద ఎక్కించి, లోపల ఒక్క బకెట్ నీళ్ళు పోసి, ఒక కొస కొంచెం ఎత్తండి. కిందనుంచి చూస్తూ చుక్క పడిన చోటల్లా సుద్దముక్కతో గీయండి. తర్వాత రెండో కొస ఎత్తండి. పడవ నిండా నీళ్ళు పోసే పని మాత్రం పెట్టుకోకండి, ఆ బరువుకి పక్కటెముకలు విరుగుతాయి.

చుక్కలు కొసల దగ్గర పడితే, ముక్కు మీద ఉండే ఇత్తడి పట్టీ మరలు కారణం. నడుమన వరసగా పడితే, అడుగున పొడవునా బిగించిన కీల్ అనే దూలం మరలు. రెండు చోట్లా మర చుట్టూ ఒకప్పుడు పూసిన మెత్తటి లప్పం ఎండి పొడై ఉంటుంది. పట్టీ ఊడదీసి, పాత లప్పం గీకి, పడవలకి వాడే కొత్త లప్పం పూసి, మళ్ళీ ఇత్తడి మరలతోనే బిగించండి. స్టీలు మర వేస్తే చెక్క నల్లబడుతుంది.

ఇంకెక్కడో ఒక్కచోటే కారుతుంటే కాన్వాసుకి చిరుగు ఉన్నట్టు. చిరుగు అంచులు లేపి, కాన్వాసుకీ పలకకీ మధ్య పలచటి గుడ్డ ముక్క దూర్చి, నీటికి తట్టుకునే జిగురుతో అంటించి, పైన రంగు వేస్తే చాలు.

పలకల మధ్య సందులు చూసి కంగారు పడకండి. ఈ పడవలో నీళ్ళని ఆపేది చెక్క కాదు, కాన్వాసు. మన వైపు పడవలకి కూరినట్టు ఆ సందుల్లో నార కూరారో, చెక్క తడిసి ఉబ్బినప్పుడు చోటు లేక పలకలు లేచిపోతాయి.

కొసలు మెత్తబడ్డాయి, బొటనవేలు దిగుతోంది

పడవని బోర్లించి నేల మీదే వదిలేస్తే అంచుల కొసలు మట్టినీ మంచునీ తాకుతూ ఉంటాయి. లోపల, కొసన ఉండే చిన్న చెక్క మూత కింద ఆకులు, మట్టి చేరి తడి ఆరదు. కుళ్ళు మొదలయ్యేది అక్కడే. రంగు బాగానే ఉన్నా సరే, చిన్న చాకు మొనతో ముక్కు కర్రనీ అంచు పట్టీల కొసల్నీ గుచ్చి చూడండి.

కుళ్ళినంత మేర కోసేసి, అదే జాతి చెక్క కొత్త ముక్కని ఏటవాలుగా అతకాలి. చెక్క మందం అంగుళమైతే వాలు కనీసం ఎనిమిది అంగుళాలు ఉండాలి. నిలువుగా కోసి అతికితే నిలవదు. ఆ ఒక్క అతుకులో ఎపాక్సీ అనే గట్టి జిగురు వాడండి, మిగతా చోట్ల మరలే. యాభై ఏళ్ళ తర్వాత ఇంకెవరో దాన్ని విప్పాల్సి వస్తుంది కదా.

ముక్కు కర్ర లోపలి ముఖం చెక్కే ముందు ఒక్క క్షణం ఆగి టార్చి వేసి చూడండి. ఓల్డ్ టౌన్ కంపెనీ కనూలకి సీరియల్ నంబరు, దాని పక్కన పొడవు అడుగుల్లో అక్కడే ముద్ర వేసేవారు. ఆ కంపెనీ పాత రికార్డులు చాలావరకు భద్రంగా ఉన్నాయి. నంబరు చదవగలిగితే పడవ ఎప్పుడు కట్టారో, మొదట ఏ రంగు వేశారో, ఏ ఊరికి పంపారో తెలుస్తుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది చెరిపేసినవాళ్ళు నాకు తెలుసు.

రంగు పగుళ్ళు, కాన్వాసు వదులు

గోటితో రంగు పెచ్చు లేపితే కింద కాన్వాసు పొడిపొడిగా వస్తోందా? అంచు దగ్గర చేత్తో లాగితే చిరుగుతోందా? అలాగైతే అతుకులతో కాలం గడపకండి, గుడ్డ ఆయువు తీరింది. పాత రంగు మీద కొత్త రంగు పూసి అమ్మినవి చాలా చూశాను. రంగు తళతళలాడుతుంటే నాకు అనుమానం ఇంకా ఎక్కువ.

బయటి అంచు పట్టీలు, ఇత్తడి పట్టీలు మరలు విప్పి తీసేయండి. పాత కాన్వాసు చీలలు లాగేస్తే తొక్కలా ఊడివస్తుంది. పాత రంగులోనూ, దాని కింద నేత కళ్ళు పూడ్చడానికి పూసిన ఫిల్లర్లోనూ సీసం ఉంటుంది. పొడిగా రుద్దకండి, ముక్కుకి సరైన మాస్కు కట్టుకోండి, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకండి. బయటపడ్డ పలకలకి అవిసె నూనె పట్టించండి. పలక సొట్టపోయిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే చాలావరకు లేస్తుంది.

కొత్త కాన్వాసు పది నంబరు నూలు డక్ అనే మందపాటి గుడ్డ. దాన్ని నిలువునా మడిచి, రెండు కొసలూ రెండు గట్టి స్తంభాలకి కట్టి ఉయ్యాలలా వేలాడదీయాలి. అందులో కనూని దించి, చేతి వించ్‌తో లాగి బిగించాలి. ఇద్దరు మనుషులు ఉంటే మేలు. ముడత పూర్తిగా పోయాక నడుమ నుంచి మొదలుపెట్టి కొసల వైపు, ప్రతి పక్కటెముక దగ్గరా పట్టకారుతో గుడ్డని లాగుతూ అంచున చీలలు కొట్టుకుంటూ వెళ్ళాలి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకి వెళితే మెలి పడుతుంది. అటొకటి ఇటొకటి కొట్టండి.

తర్వాత ఫిల్లర్. సిలికా పొడి, అవిసె నూనె, ఎనామిల్, ఆరబెట్టే ద్రావకం కలిపిన చిక్కటి ముద్ద అది. కాన్వాసు ముక్కతో కుట్టిన చేతి తొడుగుతో నేత కళ్ళు పూడేదాకా రుద్దాలి. ఆరడానికి కనీసం నాలుగు వారాలు, చల్లగా ఉంటే ఆరు. నా మొదటి కనూకి నేను రెండో వారంలోనే రంగు వేశాను, ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారు, చూపించాలని తొందర. ఆ వేసవిలోనే రంగు ముడుచుకుపోయి చింతపండు తొక్కలా తయారైంది. మొత్తం గీకాల్సొచ్చింది.

ఇంకో మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్‌లో ముంచండి.

లోపల పక్కటెముకలు విరిగాయి, పలకలు టకటకమంటున్నాయి

టకటక శబ్దం ఇత్తడి చీలలు వదులైనందువల్ల. ఆ చీల మొన చెక్కలోంచి బయటికి రాగానే వెనక్కి వంగి మళ్ళీ చెక్కలో దిగబడాలి. కాన్వాసు తీసినప్పుడు లోపల ఇనుప దిమ్మ ఆనించి, బయటనుంచి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే మళ్ళీ బిగుస్తుంది.

పక్కటెముకలో సన్న బీట ఉంటే వదిలేయొచ్చు. నాలుగైదు వరసగా విరిగితే మార్చాల్సిందే, కానీ అన్నీ ఒకేసారి పీకకండి, పడవ ఆకారం జారిపోతుంది. ఒకటి విడిచి ఒకటి మార్చండి. ముడులు లేని, నిలువు గీత తిన్నగా ఉన్న సీడర్ బద్దని రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆవిరి పెట్టెలో ఇరవై నిమిషాలు ఉంచండి. బయటికి తీశాక వంచడానికి పట్టుమని పదిహేను సెకన్లు ఉంటాయి. పడవ వీపు మీదే వంచాలి, కానీ అది వెళ్ళాల్సిన చోట కాదు, ఒకటి రెండు పక్కటెముకలు కొస వైపు జరిగి. బయటి వంపు లోపలి వంపు కంటే పెద్దది కాబట్టి, సన్నగా ఉన్న చోట వంచితే లోపల సరిగ్గా కూర్చుంటుంది.

పైన ఫైబర్‌గ్లాసు పూసి ఉంది

కాన్వాసు మార్చే ఓపిక లేక ఒకప్పుడు చాలామంది చేసిన పని ఇది. చెక్కకి తడి తగిలితే ఆరే దారి ఉండదు. వేడిగాలి తుపాకీతో కాస్త కాస్తగా వేడి చేస్తూ, వెడల్పాటి లప్పం బ్లేడుతో లేపుతూ, నెమ్మదిగా ఒలవాలి. దాన్ని అంటించింది పాలియెస్టర్ జిగురుతో అయితే తేలిగ్గా వస్తుంది. ఎపాక్సీ అయితే పలకల పెచ్చులు కూడా ఊడివస్తాయి. అలాంటి పడవ కొనేముందు బేరం గట్టిగా ఆడండి.

తెడ్డు వేస్తుంటే ముక్కు పక్కకి తిరిగిపోతోంది

ఇది పడవ తప్పు కాదు. వెనక కూర్చుని కుడివైపు తెడ్డు వేస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది. ప్రతి రెండు తోపులకీ తెడ్డు అటూ ఇటూ మార్చడం కొత్తవాళ్ళ పద్ధతి. తోపు చివర్లో, పైచేతి బొటనవేలు కిందికి తిప్పి, తెడ్డు ఆకుని పడవ నుంచి కొంచెం బయటికి నెట్టండి. ఇంగ్లీషు అక్షరం జె ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని జె స్ట్రోక్ అంటారు. ఒక్కరే వెళ్ళేటప్పుడు వెనక సీట్లో కూర్చుంటే ముక్కు గాల్లోకి లేస్తుంది. ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, దాన్నే వెనక సీటుగా చేసుకుని మోకాళ్ళ మీద ఉండండి. మోకాళ్ళ కింద మెత్త వేసుకోండి, నలభై దాటినవాళ్ళు మరీనూ.

గాలి ఉంటే సామాను జరపండి. ఎదురుగాలికి బరువు ముందుకి, వెనకగాలికి బరువు వెనక్కి. బరువు తక్కువున్న కొస గాలికి కొట్టుకుపోతుంది. అంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కులో పెద్దదైన ఒపియాంగో సరస్సు మీద మధ్యాహ్నం గాలి లేచాక ఈ సూత్రం తెలియకపోతే చుట్టూ తిరుగుతూనే ఉంటారు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, కాళ్ళ దగ్గర కాదు. మంచు కరిగిన కొత్తలో ఆ నీళ్ళ చలికి చేతులు పనిచేయడం మానేస్తాయి.

తెడ్డు పిడి, అంచు పట్టీ ఎవరో కొరికేశారు

ముళ్ళపంది. చేతి చెమట ఉప్పు కోసం వస్తుంది. రాత్రి తెడ్లని చెట్టు కొమ్మకి ఎత్తుగా కట్టండి. కొరికిన పిడిని గరుకు కాగితంతో నునుపు చేసి అవిసె నూనె పట్టిస్తే ఇంకో పదేళ్ళు వస్తుంది. నా తెడ్డుకి ఆ పంటి గాట్లు ఇంకా ఉన్నాయి, పట్టు బాగానే దొరుకుతోంది.