ఫైళ్లన్నింట్లో ఒకేసారి పేరు మార్చే ముందు: సెడ్ జాగ్రత్తలు

ఈ మధ్య మా నల్లగొండ వైపు ఒక ఆఫీసులో ఊర్ల వివరాలున్న టెక్స్ట్ ఫైళ్లన్నీ పాడైపోయాయి. వైరస్ రాలేదు, డిస్క్ పోలేదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినా, పాత ఫైళ్లలో కోదాడ, హుజూర్‌నగర్ ఇంకా నల్లగొండ జిల్లా కిందే ఉన్నాయి. దాన్ని సూర్యాపేట చేద్దామని అక్కడి అబ్బాయి ఫోల్డరు మొత్తం మీద సెడ్ (ఫైళ్లలో ఒక పదాన్ని వెతికి ఇంకోటి పెట్టే కమాండు) కొట్టాడు. వాటితోపాటు మిర్యాలగూడ, దేవరకొండ కూడా సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. అక్కడ ఆగితే కాసేపట్లో సర్దుకునేది. కంగారుపడి, సూర్యాపేటను నల్లగొండగా మార్చమని తిరగేసి కొట్టాడు. దాంతో అసలు సూర్యాపేట పట్టణం పేరే ఎక్కడా లేకుండా పోయింది.

మరి బ్యాకప్ లేదా అంటే, ఉంది. ఫైలులోనే మార్పు రాయించే మైనస్ ఐ (-i) పక్కన డాట్ బ్యాక్ (.bak) అని పెట్టాడు కాబట్టి మొదటిసారి అసలు ఫైళ్ల కాపీలు పక్కనే పడ్డాయి. రెండో కమాండులోనూ అదే డాట్ బ్యాక్. పాత బ్యాకప్ ఉందా అని సెడ్ అడగదు, దాని మీదే రాసేస్తుంది. చెడిపోయిన ఫైళ్లే బ్యాకప్ అయి కూర్చున్నాయి.

నేను చూసినంతలో మొదటి కమాండుతో మునిగినవాళ్లు తక్కువ. మునిగేది రెండోదానితోనే. బోరులోకి జారిన మోటారును తొందరపడి కెలికితే ఇంకా కిందికి పోయినట్టే. తప్పు కనబడగానే చేతులు కీబోర్డు మీది నుంచి తీయండి. ఫోల్డరును ఉన్నది ఉన్నట్టు ఇంకోచోటికి కాపీ చేయండి. తర్వాతే ఆలోచించండి.

మొదలుపెట్టే ముందు

జిల్లా పేరు ఒక్కటి చూసి మార్చే పని కాదిది. పాత మహబూబ్‌నగర్ జిల్లానే తీసుకోండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలయ్యాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలో, కొడంగల్ వికారాబాద్‌లో కలిశాయి. నారాయణపేట 2019లో విడిపోయింది. ఒకే పాత పేరుకు ఇన్ని కొత్త పేర్లున్నప్పుడు ఒక్క కమాండుతో ఎలా అవుతుంది? ఏ మండలం ఎటు పోయిందో పట్టిక రాసుకుని, ఏ జిల్లా ఫైళ్లు ఆ జిల్లా ఫోల్డరులో వేసుకుని, ఒక్కో ఫోల్డరు మీద విడిగా నడపండి. విడిపోకముందు తేదీ ఉన్న ఉత్తర్వుల నకళ్లను మాత్రం ముట్టుకోవద్దు. అప్పటి కాగితంలో అప్పటి పేరే ఉండాలి.

పదాన్ని వెతికే గ్రెప్ కమాండుతో ఆ పేరున్న ఫైళ్ల జాబితా తీసి చదవండి. మైనస్ ఐ లేకుండా సెడ్ నడిపితే ఫలితం తెర మీదికే వస్తుంది, ఫైలు మారదు. దాన్ని అసలు ఫైలుతో, తేడాలు చూపించే డిఫ్‌లో పోల్చండి. మారిన వరుసలు అనుకున్నవేనా చూడండి.

తెలుగు ఫైళ్ల సంగతి

ఒకరు నల్లగొండ అని, ఇంకొకరు నల్గొండ అని రాస్తారు. ఒకటి వెతికితే రెండోది మిగిలిపోతుంది. ఇది కంటికి కనబడే తేడా. కనబడనిది ఇంకొకటుంది. మహబూబ్‌నగర్ అని విడిగా కనిపించడానికి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని పదం చివర కూడా వదిలేస్తాయి. చూడ్డానికి రెండు పదాలూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. అందుకే గ్రెప్‌కు ఏమీ దొరకలేదంటే ఫైళ్లలో లేదని అనుకోవద్దు. అను ఫాంట్లలో టైపు చేసినవైతే లోపల తెలుగు యూనికోడ్ అక్షరమే ఉండదు, ముందు వాటిని మార్చుకోవాలి.

యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు. లోకేల్ (కంప్యూటర్‌లో భాష సెట్టింగు) సి అని ఉంటే చదరపు బ్రాకెట్లలో పెట్టిన తెలుగు అక్షరాలను సెడ్ బైట్లుగా విడగొట్టుకుంటుంది. మార్చాక అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. క్రాన్‌లో (టైముకు దానంతటదే నడిచేలా) పెట్టి నడిపేటప్పుడు ఇది తప్పక చూసుకోండి.

ఇక మిగతావి:

- చదివే ఫైలులోకే > గుర్తుతో రాయకండి. షెల్ (మనం కొట్టిన కమాండ్లు నడిపే ప్రోగ్రాము) ముందు ఫైలును ఖాళీ చేసి, ఆ తర్వాతే సెడ్‌ను పిలుస్తుంది.
- కొత్త పేరులో & ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. లేకపోతే ఆర్&బి అని రాసినచోట & బదులు మీరు వెతికిన పదమే వచ్చి కూర్చుంటుంది.
- ఫైళ్ల పాత మార్పులన్నీ దాచే డాట్ గిట్ (.git) ఫోల్డరును, ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండులో తప్పించండి. అందులో సెడ్ దూరితే చరిత్ర అంతా పాడైపోవచ్చు.
- ఫైలు పేర్లలో ఖాళీలుంటే ఫైండ్‌కు ప్రింట్‌జీరో (-print0), ఆ జాబితాను సెడ్‌కు అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు మైనస్ జీరో (-0) పెట్టండి.
- మ్యాక్‌లో మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. వద్దనుకుంటే ఖాళీ కోట్స్ అయినా పెట్టాలి.
- వర్డ్, పీడీఎఫ్, ఫొటోల జోలికి పోవద్దు.
- రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజరుగా) నడపొద్దు.
- కరెంటు పోయి మధ్యలో ఆగితే మళ్లీ అదే కొట్టొద్దు. సగం ఫైళ్లు మారి ఉంటాయి. 'నల్లగొండ'ను 'నల్లగొండ జిల్లా' చేసే కమాండు రెండుసార్లు నడిస్తే 'నల్లగొండ జిల్లా జిల్లా' అవుతుంది.
- తిరగేసి కొట్టొద్దు. చెప్పాను కదా, కొట్టొద్దు.
- మళ్లీ నడపక తప్పకపోతే బ్యాకప్‌కు వేరే ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి. మొదటి బ్యాకప్‌ను అంతకుముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.
- ఆ పెన్‌డ్రైవ్ తీసేశాకే రెండో కమాండు.