వానపాములు వదిలినా నీళ్లు ఇంకట్లేదా?

విశాఖ దగ్గర మధురవాడ, ఆనందపురం వైపు కొండ గ్రావెల్ పోసి చదును చేసిన జాగాలను మళ్లీ సాగులోకి తెచ్చేవాళ్లందరిదీ ఒకే మాట: కేజీ వానపాములు కొని వదిలాం, వానలు పడ్డాయి, నీళ్లు పైనే నిలుస్తున్నాయి, పాములు మాత్రం కనబడవు.

ముందు గొయ్యి తవ్వండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. ఆ మట్టిని గోనెసంచి మీద పోసి చేత్తో చిదిపి వెతకండి. పది నిమిషాల పని, అయినా ఇది మానేసి మళ్లీ పాములు కొంటారు! ఏప్రిల్, మే నెలల్లో వెతికితే లెక్క చెల్లదు. నేల ఎండితే అవి లోతుకు దిగి చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. సెప్టెంబరులో మంచి వాన పడ్డ రెండు రోజులకు చూడాలి.

అప్పుడూ లేకపోతే, మీరు కొన్న జాతిని అనుమానించండి. వర్మీకంపోస్టు తొట్లవాళ్లు అమ్మేవి ఎక్కువగా ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే. ఇవి పేడ, కుళ్లిన ఆకు తింటూ పైపైనే బతుకుతాయి. ఒట్టి గ్రావెల్‌లో వదిలితే ఎండకో, చీమలకో, కాకులకో పోతాయి. బతికినా ఆకుల కిందే ఉంటాయి, లోతుకు బొరియ చెయ్యవు. నీటికి దారి చేసేవి నేలలో బతికే జాతులు. మన వైపు లాంపిటో మారిటీ అలాంటిది: ఒళ్లు ముదురు పసుపు, తలవైపు కాస్త ఊదా. అది మట్టినీ ఆకు తునకలనీ కలిపి మింగి విసర్జిస్తుంది. ఆ ఉండలు ఎండాక వానకు తేలిగ్గా చెదరవు; మట్టి గుల్లబారేది వాటివల్లే.

వీటిని విడిగా ఏరొద్దు. పాత మామిడితోటలో, యజమానిని అడిగి, అడుగు చదరం, అరడుగు మందం మట్టిపెళ్లను పారతో అలాగే ఎత్తండి. గుడ్ల తిత్తులూ అందులోనే వస్తాయి. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం తవ్వొద్దు. ముసురు రోజున, సాయంత్రం, ఏడెనిమిది గజాలకొక పెళ్ల పాతి, నాలుగంగుళాల ఎండాకు కప్పండి. ఏడాదికి అవి పాకేది కొద్ది గజాలే, కాబట్టి పెళ్లల మధ్య దూరం పెంచొద్దు.

గునపం అరడుగు లోపే ఠంగుమంటే అది రోలర్ తొక్కిన పొర. దాన్ని పాములు ఛేదించలేవు. పెళ్లలు పెట్టకముందే, మే నెలలో నేల పొడిగా ఉన్నప్పుడు, అడుగున్నర లోతు పగలగొట్టి పశువుల ఎరువు కలపండి. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరచండి. తడి మీద తవ్వితే మళ్లీ గట్టిపడుతుంది.

మట్టిలో ఉప్పు, ఆమ్లం ఎక్కువై పాములు బతకకపోవడం అరుదు. మట్టి పరీక్షలో తేలిపోతాయి. పురుగులకని గుళికల మందు వేస్తుంటే ఆపండి, దానికి వానపాములూ చస్తాయి.

మరుసటి సెప్టెంబరులో పెళ్లకు రెండడుగుల అవతల మళ్లీ గొయ్యి తీసి చూడండి.